సోలన్నకు నా గొంతు

ఏప్రిల్ 6, ఆదివారం

రాజోలి నుంచి నేనూ మా అమ్మాయి శ్రుతీ గద్వాల వచ్చేశాం. ధనలక్ష్మి రాలేదు.

పుట్టింట్లో నాలుగు రోజులు ఉండాలనిపించి ఉంటుంది. ఉండనీ. ఇందులో రాయడానికేం లేదు. విత్తనాల కంపెనీ వాళ్ళు పంచిన డైరీ ఉగాది దాటినా ఖాళీగా పడి ఉందని రాస్తున్నాను, అంతే.

ఏప్రిల్ 7, సోమవారం

సరే, రాస్తాను. ఎలాగూ ఎవరూ చదవరు.

నిన్న మా మామ మాసయ్యకు డెబ్బై నిండాయి. రాజోలిలో వాళ్ళ ఇంటి ముందు షామియానా వేశారు. ప్రార్థన అయింది, కోడికూర అయింది, అన్నీ అయిపోయాక మైకు మిగిలింది. మైకు మిగిలితే మామను ఆపడం ఎవరి తరమూ కాదు. వీడియో రోజుల్లో కర్నూలు నుంచి టీవీ, వీసీఆర్ కిరాయికి తెచ్చి ఊళ్ళో సినిమాలు ఆడించింది ఆయనే. ఇంగ్లీషు సినిమా అయితే టీవీ పక్కన నిలబడి మైకులో తెలుగు చెప్పేవాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు. అది ఒక ఇబ్బంది అని అప్పట్లో ఎవరికీ తోచలేదు.

"మాసన్నా, జర సోలన్న కథ చెప్పరాదూ!" అని ఎవరో ముసలాయన అడిగాడు.

సోలన్న సినిమా! నేను కరాటే మాస్టర్ని అయిందే దాని వల్ల. అసలు పేరు ఇంగ్లీషులో ఏదో ఉంది, రాజోలికి దాంతో పని లేదు. అమెరికాలో నల్లవాళ్ళుండే గేరి, మా వాడ లాంటిదే. అక్కడికి మిలిటరీ నుంచి ఒకడు తిరిగొస్తాడు. రంగు మా రంగే. నెత్తిన జుట్టు గంపంత. ఎవరు ఎదురైనా వాడిని 'సోల్ బ్రదర్' అని పిలుస్తారు. బ్రదర్ అంటే అన్న అని చర్చికి పోయే మా అందరికీ తెలుసు. ఇక సోల అంటే సోల. కూలికి గింజలు కొలిచే సోల. ఆ ఒక్క మాట చేతికి దొరకగానే మామకు కథ మొత్తం దొరికిపోయింది.

మామ లెక్కలో కథ ఇది. తెల్లదొర కూలోళ్ళకు సోల తక్కువ పోస్తాడు. అడిగిన వాళ్ళను గుండాలతో కొట్టిస్తాడు. నిండు సోల కోసం సోలన్న ఆ గుండాలను ఎగిరెగిరి తంతాడు. దొర గోదాములో తెల్లటి పిండిని కాంటాలో తూచే సీను వస్తుంది. అది రాగానే మామ "సూడుండ్రి, జొన్నపిండి! అండ్ల గూడ మోసమే!" అని అరిచేవాడు. సోలన్నకు ఒక దోస్తు ఉంటాడు, వాడు మాటకు ముందొకసారి, వెనకొకసారి 'రైటాన్' అంటాడు. అందుకని వాడు బస్సు కండక్టర్. ఊరంతా ఒప్పుకుంది. రైట్ రైట్ అనేవాడు కండక్టర్ కాక మరెవరవుతాడు?

నిన్న మామ ఇదంతా రక్తి కట్టేలా చెబుతుంటే నేను లేచి రెండో మైకు అందుకున్నాను. అందుకోకుండా ఉండాల్సింది అని శ్రుతి అంటోంది. కాని అసలు సంగతి తెలిసిన మనిషి ఎంతసేపని నోరు మూసుకుని కూర్చుంటాడు? పోయిన నెల ఇంటర్ పరీక్షలు కాగానే ఆ సినిమాను ఫోన్లో వెతికి పట్టింది శ్రుతే. కింద పడే ఇంగ్లీషు అక్షరాలు చదివి అర్థం చెప్పిందీ తనే.

"మామా, సోల కాదు, సోల్. సోల్ అంటె ఆత్మ," అన్నాను మైకులో.

"ఔనా?" అన్నాడు మామ, మైకులోనే.

"గది జొన్నపిండి కాదు, మత్తుమందు. ఆయన దొర కాదు, మత్తుమందు అమ్మెటోడు. ఈయన కండక్టర్ కాదు, బార్ల బాకా ఊదెటోడు. సోల లేదు, కూలి లేదు, గింజలు లేవు. ఇన్నేండ్లు ఊరందరం ఉత్తదే నమ్మినం!"

ఒకరు నవ్వారు. తర్వాత షామియానా అంతా నవ్వింది. మామ నవ్వలేదు. మైకును తువ్వాలతో తుడిచి కుర్చీలో పెట్టి, లోపలికి పోయి గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

బయలుదేరే వేళకు ధనలక్ష్మి సంచి సర్దుకోలేదు.

"మైకుల అన్న మాట మైకులనే వాపస్ తీస్కో. అప్పటిదాంక నేను రాను," అంది.

నేను చెప్పింది నిజమేగా. నిజాన్ని వాపసు ఎట్లా తీసుకుంటారు? వస్తుందిలే. గ్యాసు బుక్ చేయడం ఎట్లాగో నాకు తెలీదని ఆమెకు తెలుసు.

ఏప్రిల్ 8, మంగళవారం

ధనలక్ష్మి ఫోన్ చేయలేదు. నేనూ ఎదురుచూడలేదు. ఛార్జింగ్ ఎంతుందో చూసుకున్నాను, అంతే. చాలాసార్లు చూసుకున్నాను.

ఏప్రిల్ 10, గురువారం

పొద్దున శ్రుతి అడిగింది: "డాడీ, కథ వేరేదని తెల్సినంక గూడ రోజూ గదే సినిమా ఎందుకు చూస్తున్నవ్?"

మంచి ప్రశ్న. జవాబు చెప్పబోయేసరికి తను ఫోన్లో పడిపోయింది. ఇక్కడ రాసుకుంటాను.

ముందు ఆ నడక. పేర్లు పడుతున్నంతసేపూ సోలన్న నడుస్తూనే ఉంటాడు. పని లేదు, పోయే చోటు లేదు. పొడుగు తోలుకోటు, కింద గంట లాంటి ప్యాంటు. వెనక గిటారు వాకు చికు, వాకు చికు అంటుంది. బజారు నట్టనడుమ నడుస్తాడు. నా చిన్నప్పుడు రాజోలిలో మా వాడ వాళ్ళు ఊళ్ళోకి పోతే గోడ వారగా నడిచేవాళ్ళు. ఎవరూ నడవమని చెప్పక్కర్లేదు, కాళ్ళే అటు పోయేవి. సినిమా చూసిన మర్నాడు మేం పిల్లలమందరం రోడ్డు నట్టనడుమ, భుజాలు ఊపుకుంటూ, నోటితో వాకు చికు అనుకుంటూ నడిచాం. ఐజ బస్సు డ్రైవర్ హారన్ కొట్టి కొట్టి అలిసిపోయాడు. ఆ రోజు నాకెంత సంతోషమైందో ఇప్పటికీ ఎవరికీ సరిగ్గా చెప్పలేకపోయాను.

తర్వాత ఆ కొట్లాట. ఎనిమిది మందిని తన్నినా కాలరు నలగదు. ఆ గుండాల మర్యాద ఇంకెక్కడా చూడం. ఒక్కొక్కడే వస్తాడు, మిగతావాళ్ళు రేషన్ షాపు ముందు నిలబడ్డట్టు తమ వంతు కోసం వెనక గంతులేస్తూ ఉంటారు. కాలు తగలకముందే ఒకడు ఎగిరి పడతాడు. పడినవాడు తాను చచ్చిన సంగతి మర్చిపోయి మళ్ళీ లేచి వస్తాడు. నేను బ్లాక్ బెల్టు కనక చెబుతున్నాను, అందులో ఒక్క తన్నూ సరైన తన్ను కాదు. అయినా ప్రతి తన్నుకూ నా కాలు లేస్తుంది.

అప్పటి మన సినిమాల్లో నల్లటివాడు కనబడితే వాడు రౌడీ అన్నా కావాలి, పెట్టె మోసేవాడన్నా కావాలి. ఇందులో నల్లటివాడే హీరో, వాడికి కొట్లాట నేర్పే గురువు చైనా ముసలాయన, తెల్లవాడు తన్నులు తినడానికి. లోకం ఇట్లా కూడా ఉండొచ్చా అనిపించింది.

ఇక హీరోయిన్. ఆమె జుట్టూ అంతే పెద్దది. ఎత్తు మడమల చెప్పులతో గుండాను తన్ని, ఆగిపోయిన మాట ఆగిన దగ్గరి నుంచే మొదలుపెడుతుంది. సినిమా మొత్తంలో ధనలక్ష్మికి నచ్చింది ఆమె ఒక్కతే.

ఇదంతా సాయంత్రం శ్రుతికి చెబితే, "మరి గిదంత తాత చెప్పిన కథల గూడ ఉన్నది గద డాడీ?" అంది. పోయి చదువుకొమ్మన్నాను. పరీక్షలు అయిపోయాయంది.

ఏప్రిల్ 12, శనివారం

ఎండ మండిపోతోంది. నా జుట్టు ఏడాదిగా పెంచుతున్నది. పుట్టు రింగులు, ఇప్పుడు గుండ్రంగా సోలన్న జుట్టంత అయింది. కొత్త బస్టాండు దగ్గర ట్రాఫిక్ పోలీసు దూరం నుంచి చూసి హెల్మెట్ అనుకుని పొమ్మన్నాడు. దగ్గరికి రాగానే బండి ఆపాడు.

"ఏందిది?"

"జుట్టు సార్. హెల్మెట్ పడుతలేదు."

"మరి హెల్మెట్ లెక్క గదే తీసి బండికి తగిలిస్తవా?" అన్నాడు. చలానా రాశాడు.

ధనలక్ష్మి ఉంటే దీనికి పడీ పడీ నవ్వేది. చెప్పడానికి ఎవరూ లేక డైరీకి చెబుతున్నాను. వేసవి క్లాసు పిల్లలు మజ్జిగ ఏదని అడిగారు. మజ్జిగ చేసేది ఆమే అని నాకు ఇవాళే తెలిసింది.

ఏప్రిల్ 14, సోమవారం

పెద్దమనసు చేసుకుని ఇంటి వాట్సాప్ గ్రూపులో మాట రికార్డు చేసి పెట్టాను. "మామగారూ, నా మాటల వల్ల మీకేమైనా బాధ కలిగి ఉంటే, అది నా ఉద్దేశం కాదని మనవి." మంచి తెలుగు. చర్చి కార్యదర్శి ఉత్తరాల్లో రాసినట్టు ఉంది.

ధనలక్ష్మి జవాబు: "ఇది మైకా?"

సాయంత్రం క్లాసు పిల్లలు పోయాక, పాటలు పెట్టే డబ్బాకు మైకు తగిలించి అదే మాట మళ్ళీ చెప్పి, ఆ చప్పుడు రికార్డు చేసి పంపాను. ఇప్పుడు మైకే కదా.

జవాబు: "విన్నదెవరు?"

మేడ మీద నేను, ఒక కాకి.

ఏప్రిల్ 15, మంగళవారం

గ్యాసు అయిపోయింది.

ఏప్రిల్ 20, ఆదివారం

ఈస్టర్. తెల్లవారి ఆరాధనకు నేనూ శ్రుతీ పోయాం. ప్రతి ఒక్కరూ "ధనలక్ష్మి యాడ?" అని అడిగారు. పదో మనిషికి నాకు విసుగొచ్చి "జ్వరం, రాజోలిలో ఉంది" అన్నాను. చిన్న మాట. దానితో పోవాల్సింది.

పాస్టర్‌గారి చెవిన పడింది. ఆరాధన చివర ఆయన మైకులో, "మన సహోదరి ధనలక్ష్మి తీవ్రమైన జ్వరంతో ఉన్నది, అందరం మోకరిద్దాం" అన్నారు. మోకరించాం. నేను అందరికంటే ముందు మోకరించాను. ఇంకేం చేస్తాను? శ్రుతి నన్నే చూస్తోందని కళ్ళు మూసుకున్నా తెలుస్తోంది.

ఇంటికొచ్చేలోపు స్త్రీల సమాజం వాళ్ళంతా ఆమెకు ఫోన్లు చేశారు. తర్వాత నా ఫోన్ మోగింది. ఇన్ని రోజుల తర్వాత ఆమె గొంతు.

"నాకు జరమా?"

"అది..."

"నా మీద గూడ మైకుల అబద్ధం చెప్పించినవ్. మా నాయిన చెప్పిన కథకు నీకు ఏం రోషమొచ్చె! ఇప్పుడు నువ్వేం చెప్పినవ్?"

"మామ ఎట్లున్నడు?" అన్నాను.

"పొద్దుగాల చాయ్ అంటడు. మళ్ళ మాపటికి చాయ్ అంటడు. గంతే. ఎవరొచ్చినా మాట్లాడుతలేడు. గా నోటితోనే మమ్ముల సాదిండు, గా నోరు మూయించినవ్," అని పెట్టేసింది.

ఆమె గొంతు బాగానే ఉంది. జ్వరం లేదు.

ఏప్రిల్ 23, బుధవారం

రాజోలి పోయాను. మామిడిపండ్లు ఇవ్వడానికి. పండ్లు ఊరికే పాడైపోతాయి కదా.

ధనలక్ష్మి చెంబుతో నీళ్ళిచ్చింది. నా జుట్టు వైపు చూసి ఏదో అనబోయి ఆపుకుంది. అది చూసి నాకు ఏడుపొచ్చినంత పనైంది. తిట్టబోయి ఆపుకునేంత పరాయివాణ్ని అయ్యానా?

మామ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. పక్కన కూర్చున్నాను. మాట్లాడించాలని ఎండ సంగతి, తుంగభద్రలో నీళ్ళ సంగతి ఎత్తాను. ఊ కొట్టలేదు. లేవబోతుంటే అప్పుడన్నాడు:

"అల్లుడా, ఒకటి అడుగుత. గా పిండి తూచెటోడు కాంటా తట్ట మీద బొటనవేలు పెట్టిండా, లేదా?"

"నేను చూడలేదు మామా."

"నువ్వు కింద అచ్చరాలు సదువుతుంటివి. నాకు సదువు రాదు, నేను మీద బొమ్మ సూస్తుంటి."

"గాని మామా, అది పిండి కాదు గద..."

"ఏదైతేంది? తూకం తక్కువ పెట్టిండా, లేదా?" అని మళ్ళీ నోరు మూసుకున్నాడు. కాసేపటికి "చాయ్" అన్నాడు.

ఏప్రిల్ 24, గురువారం

ఉంది. బొటనవేలు ఉంది.

ఆపి, పెద్దది చేసి చూశాను. తెల్లవాడి మనిషి పొడి తూస్తూ, కొనేవాడు సిగరెట్టు ముట్టించుకునే సందులో, కాంటా తట్ట అంచు మీద బొటనవేలు ఆనిస్తాడు. కింద అక్షరాల్లో దాని గురించి ఒక్క ముక్క లేదు. శ్రుతిని పిలిచి చూపించాను.

"తాత జబర్దస్త్!" అంది.

ఏదో అనుకోకుండా పడి ఉంటుంది వేలు.

ఏప్రిల్ 26, శనివారం

అనుకోకుండా పడలేదు. రెండోసారి తూచినప్పుడూ పెట్టాడు.

ఒక ఆలోచన వచ్చింది. రాజోలిలోనే, అందరి ముందూ, సోలన్న సినిమా తెర కట్టి ఆడిస్తాను. పక్కన నిలబడి నేనే తెలుగు చెబుతాను. సరైన తెలుగు. ఊరికి అసలు కథ తెలుస్తుంది, వేలి సంగతి కూడా మధ్యలో ఒకసారి అంటాను, మామ గౌరవం మామకుంటుంది. ఇది క్షమాపణ కాదు. విద్య.

"మాఫీ అడగనీకె ఇంత పెద్ద తెర కావాల్నా డాడీ?" అంది శ్రుతి.

విద్య అని చెప్పాను కదా.

ఏప్రిల్ 30, బుధవారం

'మాదకద్రవ్యం' అనే మాటకు నోరు తిరగడం లేదు. క్లాసులో పిల్లలతో కలిసి, గుద్దు గుద్దుకూ ఒకసారి అనిపించి సాధన చేశాను. సాయంత్రం ఇద్దరి తల్లులు వచ్చి పిల్లలకు ఏం నేర్పుతున్నావని అడిగారు.

మే 4, ఆదివారం

రాజోలిలోనే ఉన్నాను. అందరూ మధ్యాహ్నం నిద్రలో ఉన్నారు. నిన్నటి సంగతి మర్చిపోకముందే రాసుకోవాలి.

పొద్దు కుంకగానే చర్చి పక్క ఖాళీ జాగాలో తెర కట్టాం. రెండు తెల్ల దుప్పట్లు కలిపి మా అత్త జమ్ములమ్మ కుట్టింది. ప్రొజెక్టర్ శ్రుతి చూసుకుంటానంది. చాపలు, మంచాలు, చంటిపిల్లలతో ఊరు దిగింది. ఐస్ బండి కూడా వచ్చింది. పాత వీడియో రోజుల్లో హీరోయిన్ మాటలు అత్త చెప్పేది, అందుకని అలవాటు కొద్దీ మైకుల కుర్రాళ్ళు రెండు మైకులు పెట్టారు. నేను రెండోది పక్కన పెట్టించాను. మామ అందరి వెనకా మంచం వేసుకుని, తెరకు వీపు పెట్టి కూర్చున్నాడు.

సోలన్న నడుస్తున్నాడు. వాకు చికు మొదలైంది. జనం ఈలలు. నేను గొంతు సవరించుకుని, "ఇతడు ఆత్మ సోదరుడు" అన్నాను.

ఈలలు ఆగిపోయాయి.

"ఆత్మనా? అంటె దయ్యమా?" అని ముందు చాపలోంచి రంగమ్మ పెద్దమ్మ అడిగింది.

"కాదు పెద్దమ్మా."

"మరి సచ్చిండా?"

"సావలేదు పెద్దమ్మా, బతికే ఉన్నడు."

"బతికున్నోన్ని ఆత్మ అంటవేందిరా, పాపం!"

చంటిది ఒకటి ఏడుపందుకుంది. నేను ముందుకు పోయాను. గోదాము వచ్చింది, కాంటా వచ్చింది. "ఇది మాదకద్రవ్యం" అన్నాను. నోరు చక్కగా తిరిగింది. ఎవరికీ పట్టలేదు. అది తింటారా అని ఒకరు, ముక్కుతో పీలుస్తారంటే తుమ్ములు రావా అని ఒకరు. వేలి సంగతి చెప్పాలనుకుంటూనే తుమ్ములకు జవాబిచ్చేలోపు ఆ సీను దాటిపోయింది. సగం మంది ఐస్ బండి దగ్గరే ఉన్నారు. ఐస్ వాడి ముఖం వెలిగిపోతోంది.

దోస్తు తెర మీదికొచ్చి 'రైటాన్' అన్నాడు. అంతే, జాగా అంతా ఒక్క గొంతుతో "కండక్టరూ!" అని లేచింది. ముసలివాళ్ళు తువ్వాళ్ళు గాల్లో ఎగరేశారు.

"కండక్టర్ కాదు, ఈయన బార్ల..." అన్నాను.

"నువ్వు గమ్మునుండు ఇమ్మానుయేలూ!" అని చీకట్లోంచి ఎవరో అరిచారు.

కరాటే పోటీల్లో దెబ్బలు తిన్నాను గాని అంత ఒంటరిగా ఎప్పుడూ నిలబడలేదు. అప్పుడే వంటింటి సీను వచ్చింది. సోలన్న కోటు వేసుకుంటుంటే హీరోయిన్ అడ్డం నిలబడి పోవద్దని కొట్లాడే సీను. నేను నోరు తెరిచేలోపు రెండో మైకులోంచి మాట వచ్చింది.

"ఏమయ్యా, యాడికి వోతున్నవ్ ఇంత తయారై?"

హీరోయిన్ నోటికి ఆ మాట అతికినట్టు సరిపోయింది. తిరిగి చూస్తే ధనలక్ష్మి. కొంగు నడుముకు చుట్టుకుని, కళ్ళు తెర మీద పెట్టి, నా వైపు చూడకుండా నిలబడి ఉంది.

తెర మీద సోలన్న నోరు తెరిచాడు. ఏదో ఒకటి చెప్పాలి కదా.

"న్యాయం కోసం వోతున్న," అన్నాను.

"న్యాయమా! ముసలాయన నోరు మూయించి వచ్చినోనికి న్యాయం గావాల్నా?"

ఐస్ బండి దగ్గర ఉన్నవాళ్ళు గబగబా వచ్చి కూర్చున్నారు. ఆడవాళ్ళు చాపలు ముందుకు జరుపుకున్నారు. ఇది ఎవరి కొట్లాటో ఊరికి అర్థమైపోయింది. సోలన్న చెయ్యి ఊపుతూ ఏదో అంటున్నాడు.

"నేనేం అబద్ధం చెప్పలేదు. ఉన్న మాటే చెప్పిన!"

హీరోయిన్ పొయ్యి మీది గిన్నె ఎత్తి దబ్బున పడేసింది. ధనలక్ష్మి ఆ చప్పుడు ఆగేదాకా ఆగింది.

"ఉన్న మాటే చెప్పినవ్. గాని చెవుల చెప్పలే, ఇంట్ల చెప్పలే. నలుగురు నవ్వనీకె చెప్పినవ్. వాళ్ళు నవ్వితె నీకు మంచిగనిపించింది. నేను సూసిన నీ మొకం."

అది ధనలక్ష్మి గొంతు. హీరోయిన్ గొంతు కాదు.

నిజమే. నవ్వినప్పుడు నాకు బాగుంది. ఇన్ని రోజులు ఈ పుస్తకంలో ఎంత రాసినా ఆ ఒక్క ముక్క రాయలేదు.

"వేలు పెట్టిండు," అన్నాను మైకులో. "కాంటా మీద బొటనవేలు పెట్టిండు. మాసయ్య మామ సూసిండు. నేను సూడలేదు."

"మూతి కదుల్తలేదు!" అని రంగమ్మ పెద్దమ్మ అరిచింది. "మూతి కదలకుండ మాట్లాడొద్దురా!"

"ఔను! మూతి సూస్కో!" అన్నారు అందరూ. మామ పెంచిన జనం, అక్కడ మాత్రం వదలరు. నిజంగానే తెర నిండా సోలన్న ముఖం ఒక్కటే ఉంది. పెదాలు మూసి ఉన్నాయి. చెమట కారుతోంది. నాకూ కారుతోంది. సోలన్న నోరు తెరిస్తే గాని నేను మాట్లాడటానికి లేదు.

"తప్పు ఎవరిది? జెప్పు," అంది ధనలక్ష్మి.

సోలన్న చాలాసేపు చూశాడు. ఏం చెప్పాలో నా దగ్గర బోలెడు ఉంది. ఉద్దేశం అని ఉంది, విద్య అని ఉంది, మనవి అని ఉంది. అప్పుడు ఆ పెదాలు కదిలాయి. ఒక్కసారి, చిన్నగా. అందులో పట్టేది ఒక్క మాటే.

"నాది," అన్నాను.

ఎవరూ ఈల వేయలేదు. ధనలక్ష్మి ముక్కు ఎగబీల్చిన చప్పుడు మైకులో ఊరంతా వినబడింది.

ఇంతలో తెర మీద సోలన్న కోటు పక్కన పడేసి హీరోయిన్‌ను దగ్గరికి లాక్కున్నాడు. ఈ సీను సంగతి నేను మర్చేపోయాను! అత్త ముందు, ఇక్కడి పాస్టర్‌గారి తల్లి ముందు, మొత్తం ఊరి ముందు! శ్రుతి ఒక్క గంతులో పోయి ప్రొజెక్టర్‌కు రెండు చేతులూ అడ్డం పెట్టింది. తెరంతా చీకటి. పిల్లలు ఓ అని గోల. ఎవరో నా చేతిలోంచి మైకు లాక్కున్నారు.

"వాళ్ళింట్ల కరెంటు వోయింది," అన్నాడు మామ మైకులో, గంభీరంగా. "ఇద్దరు ప్రార్థన చేస్కుంటుండ్రు. జర ఓపిక పట్టుండ్రి."

జాగా అంతా నవ్వు. ఆ నవ్వు మామ కోసమే, మామ అడిగి తెచ్చుకున్న నవ్వు. ఆయన దానికోసం ఒక్క క్షణం ఆగి, "ఇంకొంచెం పెద్ద ప్రార్థన ఉన్నట్టున్నది," అన్నాడు. శ్రుతి నవ్వాపుకోలేక చేతులు జారిస్తే, నేను పోయి నా తల అడ్డం పెట్టాను. ఇంత జుట్టు ఏడాదిగా పెంచినందుకు ఒక్క పని జరిగింది.

మిగిలిన సినిమా అంతా మామే చెప్పాడు. దొర సోల తక్కువ పోశాడు. కండక్టర్ బస్సు ఆపి మరీ వచ్చి సాయం చేశాడు. నేను రంగమ్మ పెద్దమ్మ చాప చివర కూర్చుని, సోలన్న కాలు లేచినప్పుడల్లా కాలు లేపాను. పెద్దమ్మకు ఒకటి తగిలింది. కొంచెం పక్కకు జరిగింది.

మే 5, సోమవారం

పొద్దున బస్సుకు ధనలక్ష్మి మాతో వచ్చింది. సంచి నేనే మోశాను.

వంటింటి గుమ్మంలో అడుగుపెట్టి మొదలుపెట్టింది. నెల రోజులుగా ఒక్క గిన్నె కడగలేదట. పిల్లకు ఒక్క పూటా అన్నం పెట్టలేదట. ఆమె నాటిన కరివేపాకును చంపింది నేనేనట. పెండ్లయిన నాటి నుంచి నేనొక్కసారి కూడా ఆమె మాట వినలేదట. నేను గుమ్మం పక్కన కింద కూర్చుని మొత్తం విన్నాను. ఎంత హాయిగా ఉందో! అందులో మూడు అబద్ధాలున్నాయి. ఒక్కటీ దిద్దలేదు.